అక్క బండిలో కారు ఆయిల్

బామ్మర్ది బతకకోరు, దాయాది చావకోరు అంటారు. ఆ సామెత కట్టినవాడెవడో చిటపటల మేస్త్రీని చూసి ఉండడు. మోటార్ సైకిళ్లు బాగుచేసే ఈ మేస్త్రీకి బావ ఊసెత్తితే చాలు, ఒళ్లు మండుతుంది. ఆ బావ ఒక షావుకారు దగ్గర కారు డ్రైవరు. "కారు తెలిసినవాడికి మోటార్ సైకిలెంత? పిల్లలాట!" అని ఒకసారి పదిమందిలో అన్నాడు. అంతే, మేస్త్రీ ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. అక్క మాత్రం షెడ్డుకు వచ్చిపోతూనే ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పనిలో పెట్టిందీ ఆవిడే.

అక్క రోజూ పొద్దున్నే బేకరీ నుంచి బ్రెడ్డు పెట్టెలు బండి వెనక కట్టుకుని గుట్ట మీది దుకాణాలకు వేస్తుంది. ఆలస్యమైతే ఆ లైను ఇంకొకరికి ఇచ్చేస్తానని బేకరీ యజమాని ఎప్పుడో చెప్పి ఉంచాడు.

ఆ రోజు ఆవిడ వస్తూనే, "ఒరేయ్, బండి గుట్ట ఎక్కట్లేదురా. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను అరుస్తోంది, చక్రం మాత్రం నాకెందుకులే అంటోంది," అంది.

"ఆయిలెవరు మార్చారు?"

"మీ బావే. షావుకారి కారుకు తెచ్చిన ఖరీదైన డబ్బాలో మిగిలిందట. ఇంత మంచిది నీ బండి జన్మలో తాగి ఉండదన్నాడు."

మేస్త్రీకి లోపల్లోపల ఈల వెయ్యాలనిపించింది. జబ్బు తెలిసిపోయింది. మందూ తెలుసు. ఆ ఆయిలంతా దించేసి బైకు ఆయిల్ పోయాలి. పూట కూడా పట్టని పని. కానీ అలా చేస్తే బావ తప్పు గుట్టుచప్పుడు కాకుండా కడుక్కుపోతుంది. అది అతనికి మింగుడుపడలేదు. క్లచ్ కేబులు కాస్త సవరించి ఊరుకున్నాడు.

"ఇంక తీసుకెళ్లు. మళ్లీ తేడా చేస్తే మీ ఆయన్నే పంపు. ఆయన నోటితో అడగనీ."

"ఆయన రాడురా. నీకు తెలుసుగా."

"రాకపోతే మానె. నాకేం?"

బావ రాలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. అలాంటి బలవంతులిద్దరి మధ్య ఆవిడ రోజూ ఆ బండి మీదే గుట్ట ఎక్కింది.

వారం తిరక్కముందే బండి తోసుకుంటూ వచ్చింది. మోచెయ్యంతా దోక్కుపోయి ఉంది.

"గుట్ట మధ్యలో కదలనంది. వెనక్కి జారి పడిపోయాను. పెట్టెలన్నీ రోడ్డు పాలు. లైను తీసేశారురా," అంది.

"చూశావా!" మేస్త్రీ గొంతు వీధంతా వినబడింది. చేతికేమైందని అడగడం కూడా మరిచాడు. "కారులో క్లచ్ వేరేచోట పొడిగా ఉంటుందే. నీ బండిలో ఇంజను, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్లో మునుగుతాయి. ప్లేట్లేమో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. చాలా కారు ఆయిళ్లలో జారుడు మందు కలుపుతారు. నూనె చేతుల్తో తాడు లాగితే పట్టు దొరుకుతుందా? జారి జారి ప్లేట్లు మాడిపోయాయి. ఖరీదైందే మంచిదనుకున్నాడు మొనగాడు! నువ్వు కారు డబ్బా అనగానే అనుకున్నా, ఇది ఇక్కడికే వస్తుందని!"

అక్క తలెత్తింది. "ఆ రోజే తెలుసా నీకు?"

"అంటే... బావ వచ్చి అడుగుతాడేమోనని..."

"ఆయన తెలియక పోశాడురా. నువ్వు తెలిసి పంపించావు."

ఆవిడ బండి స్టాండు తీసింది. "ఉండక్కా, ప్లేట్లు నేనే వేస్తా," అంటూ అతను హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతిని విదిలించి కొట్టింది. రోడ్డు దాటి ఎదుటి షెడ్డు ముందు బండి ఆపింది. ఆ షెడ్డువాడు ఏం చెయ్యాలమ్మా అని అడిగాడు.

"ప్లేట్లు మార్చి బైకు ఆయిలే పొయ్యండి, కారుది వద్దు," అని ఆవిడ చెప్పడం ఇవతలి మేస్త్రీకి స్పష్టంగా వినిపించింది.