మ్యూరియల్ కుట్టిన రెక్కలు

జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం విల్ఫ్ తన పాత శిక్షణ విమానాన్ని మా క్లబ్బు మైదానం పక్కనున్న రైతు బఠాణీ చేలో తలకిందులుగా దించాడు. రెండు జతల రెక్కలూ చిరిగిపోయాయి గాని అతని ఒంటిమీద గీత కూడా పడలేదు. మేం పరుగెత్తుకెళ్ళేలోపు, తలకిందులుగా వేలాడుతున్న సంగతి మరిచిపోయి నడుము పట్టీ విప్పుకున్నాడు. భుజం ఎముక విరిగింది అప్పుడే.

ఇంగ్లండులోని మా నార్‌ఫోక్ విమాన క్లబ్బులో యుద్ధకాలపు పాత విమానాల రెక్కలకు గుడ్డ కుట్టేది అతని అక్క మ్యూరియల్. బడి వంటగదిలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి కుట్టుకూ ముడి వేస్తుంది, పది ముళ్ళకోసారి టీ తాగుతుంది.

"నేనిక ఎగరను, అమ్మేయండి," అన్నాడు విల్ఫ్. భార్య పోయాక అతన్ని ఇంట్లోంచి బయటికి లాగింది ఆ విమానమొక్కటే. మ్యూరియల్ మాత్రం చలికాలమంతా షెడ్డులో కూర్చుని నాలుగు రెక్కలకూ కొత్త నారగుడ్డ కుట్టింది.

మే నెలలో, వచ్చి చూసిపొమ్మని తమ్ముడికి కబురు పెట్టింది. అతను వచ్చేసరికి కోటు గుండీలన్నీ పెట్టుకుని విమానంలో ప్రయాణికులు కూర్చునే ముందు సీట్లో కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుగా రెక్కలు కుడుతూ ఒక్కసారీ ఎగరని మనిషి.

"దిగక్కా! స్టూలెక్కితేనే నీకు కళ్ళు తిరుగుతాయి. పోయినేడు దీన్ని బోర్లా వేసింది నేనేగా, నా మీద ఏం నమ్మకంతో ఎక్కావు?"

"నీ మీదెవరికిరా నమ్మకం, నా కుట్ల మీద నమ్మకంతో ఎక్కాను, నువ్వు వెనకెక్కి నడుపు."