కాలు తీసే చోటు

అచ్యుత్ కుదురుగా కూర్చోవడం కన్నతల్లి కూడా ఎరగదు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే చేతికర్రతో నేల మీద దరువేస్తాడు, ఫోన్ వస్తే బెంగళూరు హూడిలోని తన చిన్న ఫ్లాట్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే మాట్లాడతాడు. ఏలూరు దగ్గర పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. పసివాడుగా ఉన్నప్పుడు ఏడుపు లంకించుకుంటే వాళ్ళ నాన్న భుజాన వేసుకుని హైవే పక్కకు తీసుకెళ్ళేవాడట. లారీలు హోరుమని పోతుంటే టక్కున నోరు మూసేవాడట. పెద్దయ్యాక చదువుకుని బెంగళూరు వచ్చి, చూపులేనివాళ్ళు ఫోన్‌లో ఫలానా యాప్ వాడగలరా లేదా అని పరీక్షించే ఉద్యోగం సంపాదించాడు. మంచి ఉద్యోగమే. ఆఫీసులో పక్క సీటువాళ్ళు మాత్రం బల్ల అదురుతోందని నెలకోసారి మొరపెట్టుకుంటూ ఉంటారు.

వారమంతా ఇలా గిజగిజలాడే మనిషి ఆదివారం సాయంత్రం కాడుగోడిలో రాఘవేంద్ర ఇంట్లో, టీవీ ముందు చాప మీద కూర్చుంటాడు. అక్కడా కాలు ఊగుతూనే ఉంటుంది గానీ మనిషి లేవడు. చూపు లేనివాడికి టీవీ ముందు ఏం పని అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే ఓపిక అతనికి ఎప్పుడూ లేదు.

రాఘవేంద్రది తాతల నాటి నుంచీ బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. మార్కెట్ వీధిలో కారు సీట్లకు కవర్లు కుట్టే షాపు ఉంది. పెళ్ళి ఊసెత్తితే షాపు పని గుర్తొస్తుంది. ఇంట్లో తల్లి చౌడమ్మ, తను. అచ్యుత్ ఈ ఊరికి వచ్చిన కొత్తలో వాళ్ళ మేడ మీది గదిలోనే అద్దెకు దిగాడు. ఒక ఆదివారం కింద నుంచి ఇంజన్ల మోత వినిపిస్తే, కర్ర కూడా మరిచిపోయి గోడ తడుముకుంటూ మెట్లు దిగి వచ్చేశాడు.

"ఏంటన్నా ఆ సౌండ్?"

"ఫార్ములా వన్ రేసప్పా. కూచో," అన్నాడు రాఘవేంద్ర.

ఆ కూర్చోవడం కూర్చోవడం ఏళ్ళు గడిచిపోయాయి. మొదట్లో టీవీలోని ఇంగ్లీషు వ్యాఖ్యాతలను విన్నారు. వాళ్ళు మాటకు ముందు 'అది చూడండి' అంటారు, ఏది చూడాలో చెప్పరు. అచ్యుత్‌కు చిర్రెత్తుకొచ్చేది. దాంతో వాళ్ళ నోరు మూయించి, వట్టి ఇంజన్ల శబ్దం మాత్రమే వచ్చేలా పెట్టుకున్నారు. ఇక కథంతా రాఘవేంద్ర నోటి మీదే. "వస్తా ఉండాడు, వస్తా ఉండాడప్పా, ఎర్ర బండి ఎనకనే ఉండాడు" అని అతను చెబుతుంటే అచ్యుత్‌కు రేసు కళ్ళకు కట్టేది. ఈ లోకంలో అతని కళ్ళకు అలా కట్టింది రేసు ఒక్కటే.

రాఘవేంద్ర ఇంకో పనీ చేశాడు. రెక్సిన్ ముక్క మీద, సీట్ల అంచులకు వేసే పైపింగ్ తాడును ట్రాక్ ఆకారంలో ఉబ్బుగా కుట్టాడు. ఏ దేశపు రేసుకు ఆ ముక్క. రేసు నడుస్తున్నంతసేపూ అచ్యుత్ చూపుడువేలు ఆ కుట్టు మీద తిరుగుతూ ఉంటుంది. మూడో మలుపు అంటే వేలు మూడో మలుపులో ఉంటుంది. ఇక రేసు రంజుగా మారితే రాఘవేంద్రకు మాట తడబడుతుంది, తెలుగు పోయి కన్నడం, కన్నడం పోయి వట్టి అరుపు వస్తుంది, చెయ్యి ఎత్తి అచ్యుత్ తొడ మీద ఫెళ్ళున కొడతాడు. "నీ తొడ నువ్వు కొట్టుకోవచ్చు కదన్నా" అని అచ్యుత్ ఎన్నోసార్లు మొత్తుకున్నాడు. ఆ అలవాటు పోలేదు.

ఇలా సాగుతున్న ఆదివారాల మీద ఈ ఏడాది కొత్త నియమాలు వచ్చి పడ్డాయి. బండికి పోసే ఇంధనం తగ్గించారు, బ్యాటరీ వాటా పెంచారు. దాంతో డ్రైవర్లు మలుపు ఇంకా దూరంగా ఉండగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, బండిని దాని ఊపు మీద వదిలేస్తున్నారు. అలా ఇంధనం, బ్యాటరీ మిగుల్చుకుంటే గానీ చివరిదాకా గట్టిగా లాగలేరు. కాలు నొక్కిపెట్టడమే రేసు అనుకుంటూ పెరిగిన అభిమానులకు ఒళ్ళు మండిపోయింది.

అచ్యుత్ ఉన్న రేసు అభిమానుల వాట్సాప్ గ్రూపు అగ్గిమీద గుగ్గిలమైంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపేసే మన ఆటోవాళ్ళను పంపితే కప్పు మనదే అని ఒకడు. బండి కొంటానంటే మైలేజీ ఎంత అని అడిగే మా నాన్న మొదటిసారి రేసు చూసి తెగ మెచ్చుకున్నాడు అని ఇంకొకడు. ప్రతి మెసేజీ చివర ఉన్న బొమ్మలను కూడా అచ్యుత్ ఫోన్ ఉప్పూకారం లేని గొంతుతో 'ఏడ్చేంతగా నవ్వుతున్న ముఖం' అని చదివేది. గ్రూపు నడిపే జెస్సీ, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అమ్మాయి, అందరూ టీవీలు కట్టేసి నిరసన తెలపాలని పిలుపిచ్చింది. ఆ వారమే మొదటి నుంచి చివరిదాకా రేసు చూసి, ఎంత ఘోరంగా ఉందో మలుపు మలుపుకూ వాయిస్ మెసేజ్ పెట్టింది.

రాఘవేంద్ర కోపం వీళ్ళందరినీ మించింది. "కాలు తీసేదానికి వీళ్ళకి కోట్లు ఇచ్చేదేమప్పా? నాకియ్యమను, నేనూ తీస్తా. సుమ్నె, ఊరికే కూచోని తీస్తా!" అంటూ మొదటి రేసంతా తిట్లతోనే గడిపాడు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో చెప్పడమే మరిచిపోయాడు. ఆ రోజు ఆఫీసు పని నెత్తిన ఉండి అచ్యుత్‌కూ తిక్కగా ఉంది. "అంత బోర్ అయితే మానేద్దాంలే అన్నా. నాకూ సండే బోలెడు పనులుంటాయి," అనేశాడు. ఆదివారం అతనికి ఏ పనులూ లేవు. నోటికొచ్చింది, అన్నాడు, మరిచిపోయాడు.

తర్వాతి రేసుకు రాఘవేంద్ర కొత్త మనిషయ్యాడు. తిట్లు లేవు. "లోపల నుంచి దూరినాడప్పా! ఒకే మలుపులో ఇద్దర్ని కొట్టేసినాడు! నిప్పులు చిమ్ముతా పోతా ఉండాడు!" అని ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోయాడు. ఆ తర్వాతి రెండు ఆదివారాలూ అంతే. అచ్యుత్ ఆనందపడ్డాడు గానీ ఎక్కడో మనసు పీకుతూనే ఉంది. పొడుగాటి దారి మీద వేలు సగం దాటగానే చెవికి ఇంజన్ శబ్దం నీరసపడుతోంది. అదే క్షణంలో రాఘవేంద్ర "ఫుల్లు నొక్కినాడప్పా" అంటున్నాడు. టీవీ స్పీకర్ పాడైందేమోనని అచ్యుత్ సర్దిచెప్పుకున్నాడు.

మూడో ఆదివారం గడిచిన మర్నాడు మెట్రోలో నిలబడి జెస్సీ వాయిస్ మెసేజ్ విన్నాడు. "గైస్, నిన్న టాప్ టెన్‌లో ఒక్క ఓవర్‌టేక్ కూడా లేదు. స్టార్ట్ అయిన ఆర్డర్‌లోనే ఫినిష్ అయ్యారు. నేను మధ్యలో బట్టలన్నీ మడతపెట్టేసుకున్నా."

మళ్ళీ విన్నాడు. నిన్న కూడా రాఘవన్న చెప్పిన, ఒకే మలుపులో ఇద్దర్ని కొట్టేసినవాడు ఏమయ్యాడు? మూడు రేసుల వివరాలూ వెతికి ఫోన్ చేత చదివించుకున్నాడు. జెస్సీ చెప్పిందే నిజం. అంతకు ముందు రెండు రేసుల్లోనూ రాఘవన్న చెప్పినవేవీ జరగలేదు. అతను దిగాల్సిన స్టేషన్ ఎప్పుడో దాటిపోయింది.

ఆ వారం అచ్యుత్‌కు నిలకడ లేదు. ఎప్పుడూ లేదనుకోండి, కానీ ఇది వేరు. రాఘవన్న మూడు రేసులు కల్పించి చెప్పాడంటే కోపం వచ్చింది, అది అరిగిపోయే కోపమే. దాని అడుగున ఉన్నది భయం. ఇన్నేళ్ళూ అతను చూసిందంతా ఆ నోటి నుంచే. మరి వాన రేసో? ఎర్ర బండి అందరికన్నా చివర మొదలుపెట్టి, జోరు వానలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ మొదట వచ్చిన ఆ రోజు, రాఘవన్న ఏడ్చేశాడు, తనూ ఏడ్చాడు. మనసు బాగోలేనప్పుడల్లా అచ్యుత్ ఆ రేసునే మళ్ళీ మొదటి నుంచి నడిపించుకుంటాడు. అసలు ఆ రోజు అక్కడ వాన పడిందా? ఫోన్‌లో వెతికితే తెలిసిపోతుంది. ఆ రేసు పేరు చెప్పడం, ఫోన్ వెతికేలోపే ఆపేయడం, గది చివరిదాకా నడిచి వెనక్కి రావడం. వారమంతా ఇదే పని. కింది ఫ్లాట్ ఆవిడ వచ్చి, మీ ఇంట్లో ఏమైనా పోయిందా, వెతుకుతున్నారా అని అడిగి వెళ్ళింది.

ఆదివారం కాడుగోడి వెళ్ళాడు. చౌడమ్మ కారం కలిపిన బొరుగుల గిన్నె చేతికిస్తూ, "ఏం నాయనా, మొఖం అట్లుండాదే?" అంది. అచ్యుత్ గిన్నె పక్కన పెట్టి నిలబడే ఉన్నాడు.

"అన్నా, పోయిన వారం ఎన్ని ఓవర్‌టేక్‌లు?"

రెక్సిన్ కత్తిరిస్తున్న రాఘవేంద్ర చేతిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. "ఒకటీ లేదప్పా," అన్నాడు.

"మరి నాకెందుకలా చెప్పావ్?"

"నువ్వే కదప్పా మానేద్దామంటివి. మేడ మీద గది ఖాళీ చేసి పోతివి. హూడి నుంచి ఈడికి నువ్వు వచ్చేదే దీనికోసరం. రేసు బేజారైతే ఇంగ నువ్వేంటికి వస్తావు?"

అచ్యుత్‌కు కోపం ఇంకా దిగలేదు. "నాకున్నవి నీ మాటలే అన్నా. అవి కూడా నిజం కాకపోతే ఇన్నేళ్ళూ నేనేం చూసినట్టు? ఆ వాన రేసు కూడా ఇంతేనా?"

"అయ్యో, లేదప్పా! అమ్మ మీద ఒట్టు."

"ఒట్టు ఎవడైనా వేస్తాడు."

టీవీలో ఇంజన్లు మోగడం మొదలైంది. వెళ్ళిపోవాలో కూర్చోవాలో తేలక అచ్యుత్ కర్రతో నేలను కొడుతూ నిలబడ్డాడు. చివరికి చాప మీద కూలబడి, "రెక్సిన్ ఇవ్వు," అన్నాడు. "ఉన్నదున్నట్టు చెప్పు. ఏం లేకపోతే ఏం లేదని చెప్పు."

రాఘవేంద్ర అలాగే చెప్పాడు. "ఎర్ర బండి ముందర పోతా ఉండాది. నీలం బండి ఎనక ఉండాది. అంతే." కాసేపటికి, "ఇంగా అంతే." ఇంకాసేపటికి ఒక నిట్టూర్పు. నిజం చెప్పడం అతనికి చాలా కష్టంగా ఉన్నట్టుంది. అచ్యుత్ కాలు ఊగుతోంది, వేలు కుట్టు మీద తిరుగుతోంది. పొడుగాటి దారి మీద ఒక చోటికి రాగానే శబ్దం దిగుతోంది. మళ్ళీ చుట్టు తిరిగి రాగానే అక్కడే దిగుతోంది.

"ఇక్కడ ఒక ముడి వెయ్యన్నా."

"ఏంటికి?"

"కాలు తీసేది ఇక్కడే."

రాఘవేంద్ర సూదీ దారం తెచ్చి, అచ్యుత్ వేలు పక్కనే లావుపాటి ముడి వేశాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఒక పని దొరికింది. శబ్దం దిగగానే అచ్యుత్ "తీశాడు" అంటాడు, ఎవరో చూసి రాఘవేంద్ర చెబుతాడు. ముందు నీలం బండి తీస్తోంది, ఎర్ర బండి కాస్త ఆగి తీస్తోంది. ఒకసారి అచ్యుత్ "తీశాడు, తీశాడు" అని ఎగిరిపడితే, "అది మన వీధిలో నీళ్ళ ట్యాంకరప్పా" అన్నాడు రాఘవేంద్ర. చౌడమ్మ పకపకా నవ్వింది. అచ్యుత్ నవ్వలేదు.

"ఈ నీలమోడు ఇంత ముందర తీస్తా ఉంటే ఎప్పుడప్పా గెలిచేది? దరిద్రపు రూలు," అని రాఘవేంద్ర గొణిగాడు.

రేసు చివరికి వచ్చింది. అచ్యుత్ వేలు పొడుగాటి దారి ఎక్కింది. ముడి దగ్గరికి వచ్చింది. ప్రతి చుట్టులోనూ ముందు దిగే నీలం బండి శబ్దం దిగలేదు. వేలు ముడి దాటింది. ఎర్ర బండి శబ్దం దిగింది. రెండోది ఇంకా పైకే పోతోంది. ఇంతసేపూ మిగుల్చుకున్నదంతా ఇప్పుడు వాడేస్తున్నాడు.

"తియ్యలేదన్నా," అన్నాడు అచ్యుత్.

రాఘవేంద్ర ఊపిరి వినిపిస్తోంది. "అది... నీలం... వాడు లోపల... అయ్యయ్యో వదలద్దు, బిడ్బేడ... ఆ..." అంతే, మాట పోయింది, వట్టి అరుపు మిగిలింది. ఆ అరుపుతో పాటే చెయ్యి లేచి అచ్యుత్ తొడ మీద ఫెళ్ళున పడింది.

అచ్యుత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దెబ్బ అంత గట్టిది. అప్పుడు గుర్తొచ్చింది, వాన రేసు మర్నాడు తొడ కమిలి ఆఫీసు మెట్లు ఎక్కలేక రెయిలింగ్ పట్టుకుని కుంటుకుంటూ పోయిన సంగతి. పోయిన మూడు ఆదివారాలూ ఎంత చక్కగా, ఎంత గడగడా చెప్పాడు రాఘవన్న! ఒక్కసారి కూడా కొట్టలేదు.

"దాటాడా? ఎవరు ముందున్నారు? చెప్పన్నా!"

"ఉండప్పా, నాకే తెలీలే, పక్కపక్కనే ఉండారు, ఉండు, ఉండు..."

అచ్యుత్ ఊగుతున్న కాలును ఆపి, రాఘవేంద్ర చేతికి అందేలా ఇంకాస్త దగ్గరికి జరిపి, అక్కడే కదలకుండా ఉంచాడు.