మజ్జిగ తాగే రాతి సింహం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో పిల్లలకు సీడీ ఆటలు చేసే చిన్న కంపెనీలో పని చేసినాను. బొమ్మలు వేసేది ఒకాయన, ప్రోగ్రాం రాసేది ఇంకొకాయన. కథ అల్లడం, అందులో చిక్కులు పెట్టడం, అవి విప్పడానికి జాడలు వదలడం నా పని. పూతలపట్టు పక్కన మా ఊరు. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని.

అప్పుడు చేస్తా ఉన్న ఆట ఒక పాడుబడిన మహల్లో జరుగుతాది. కార్వేటినగరంలో మా పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడల్లా చూసిన పాత గోడలే నా మనసులో ఉండేవి. ఆడే పిల్ల మౌస్‌తో గది గదీ తిరగాల, వస్తువుల మీద నొక్కి చూడాల, దొరికింది సంచిలో వేసుకోవాల, ఏది యాడ పనికొస్తాదో కనుక్కొని లోపల చిక్కుకున్న రాకుమారిని బయటికి తేవాల.

బావిలో పడిన తాళంచెవి తియ్యాలంటే చేదతాడు పొడుగు చాలదు, దానికి ఇంకో తాడు ముడెయ్యాల. అంతకుముందే పెరట్లో ఉయ్యాల కనిపిస్తాది. ఎక్కబోతే కావలి ముసలాయన, "ఊగొద్దు పాపా, ముడి వదులైపోయుండాది, తాడు చేతికొచ్చేస్తాది" అంటాడు. ఆ మాట బావికాడ గుర్తుకు రావచ్చు, రాకపోవచ్చు. మళ్లీ పోయి అడిగితే మళ్లీ చెప్తాడు.

మా కింది అంతస్తులో కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లల్ని పిలిచి ఆడించేదాన్ని. నోరు మెదపకుండా వాళ్ల వెనక నిలబడేదాన్ని. ఎవరైనా విసిగిపోయి లేస్తే జవాబు చెప్పి మొగం చూసేదాన్ని. "అయ్యో, నాకెందుకు తట్టలేదు!" అంటే ఆ చిక్కు ఉంచేదాన్ని. "అది నాకెట్ల తెలుస్తాది?" అంటే కొట్టేసేదాన్ని.

కంపెనీ నడిపే మా సారుకు ఇది నచ్చలేదు. "ఒక్క పూటలో అయిపోతే ఎట్లామ్మా? తల బద్దలు కొట్టుకోవాలి" అన్నాడు. ఆఖరి తలుపు తానే రాయించినాడు. వంటింట్లో మజ్జిగ ముంత ఎత్తుకొచ్చి వాకిట్లో రాతి సింహం నోట్లో పోస్తే ఆ తలుపు తెరుచుకుంటాది.

"సింహానికి మజ్జిగెందుకు పొయ్యాల సార్?"

"అదే కదా రహస్యం."

"దానికీ ఒక జాడ ఉండాల కదా. ఎవరో ముసలమ్మ సింహానికి మజ్జిగ పోస్తా ఉన్నట్టు గోడ మీద బొమ్మ పెడదాం."

"బొమ్మ పెడితే ఇంక కష్టమేముంది?"

"ఇది కష్టం కాదు సార్. కండ్లకు గంతలు కట్టి దారి వెతకమనడం."

ఆయన నవ్వేసినాడు. బొమ్మ పెట్టలేదు. సీడీ అంగళ్లకు పోయింది.

ఆనక ఫోన్లు మొదలైనాయి. ఫోను నా బల్ల మీదే ఉండేది. జవాబు చెప్పొద్దు, ఇంకా ప్రయత్నించమని చెప్పు అని సారు ఆర్డరు. ఒకరోజు సూళ్లూరుపేట నుంచి ఒకామె చేసింది. "మా పాప అన్నీ దాటుకొని కడాకు వచ్చిందమ్మా. ఆ ఆఖరి తలుపు తెరుచుకోలేదు. నాకు బుర్ర లేదమ్మా అని ఏడుస్తాంది."

నాకు ఒళ్లు మండింది. పాపకు ఫోనియ్యమన్నాను.

"తప్పు నీది కాదు తల్లీ, మాది. ఆ సింహం సంగతి మేం నీకు యాడా చెప్పలేదు. చెప్పకపోతే ఎవురికీ తెలీదు. వంటింట్లో ముంత ఎత్తి దాని నోట్లో పొయ్యి."

"మరి ఎందుకు పెట్టినారు?" అనింది పాప.

"పెట్టకూడదు" అన్నాను.

ఫోను పెట్టి తిరిగితే వెనక సారు. "బయటివాళ్లతో తప్పు మనదంటావా? ఇంకోసారి అంటే ఈ కుర్చీ ఉండదు నీకు."

ఫోను మళ్లీ మోగింది. ఆయన కండ్ల ముందరే ఎత్తినాను. చిత్తూరు నుంచి ఎవరో పెద్దాయన. అడిగేది అదే తలుపు.

"తప్పు మాదే పెద్దాయనా" అని మొదలుపెట్టినాను.

ఆ సాయంత్రానికి పని పోయింది. ఇంట్లో నాయన, "పోయి ఒక మాట చెప్పి సర్దుకో" అన్నాడు. సర్దుకోనన్నాను. అమ్మ నా మొగం చూసి అన్నం పెట్టింది.

ఒక పాత కంప్యూటర్ సంపాదించి ఇంట్లోనే నా ఆట నేను చేసుకున్నాను. ప్రోగ్రాం రాసే ఆయన ఆదివారాలు వచ్చి సాయం చేసినాడు. అమ్మడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సీడీలు కాపీ కొట్టి చుట్టుపక్కల బడులకు ఊరికే పంచినాను. ఒక అయ్యవారు, "మరీ గట్టిగా ఉండాది, కొంచెం తగ్గించరాదా?" అన్నాడు. తగ్గించలేదు. గట్టి చిక్కు పెట్టొద్దని నేనెప్పుడూ అనలేదు.

ఒకరోజు పూతలపట్టు బడిలో చదివే పిల్ల మా ఇల్లు వెతుక్కుంటా వచ్చింది. గడప దాటకముందే, నా ఆటలో ధాన్యం కొట్టు తలుపుకాడ ఎన్నాళ్లుగానో ఆగిపోయినానని చెప్పింది. పాపం అనిపించి, "చెప్పేదా?" అన్నాను.

గబుక్కున రెండు చెవులూ మూసుకుంది. "వద్దక్కా! జాడ యాడో పెట్టే ఉంటావు గదా. అది అడగడానికే వచ్చినా."

"పెట్టినాను" అన్నాను.

"చాలు" అని అప్పుడే వెనక్కి పరిగెత్తింది.