అవ్వ ఆపిన ఆకుల లెక్క

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. ఒకటి, తెల్లకోటు నలుగుతుందేమోనని. రెండోది, నన్నెవరైనా కాంపౌండర్ అనుకుంటారేమోనని. రోగికి ఏమైనా అవుతుందేమోనన్న భయం ఇంకా పుట్టలేదు. భద్రాచలం అడవి అంచున ఒక దవాఖానాలో మత్తు డాక్టర్ని. వెన్నులో సూది గుచ్చి నడుము కింద మొద్దుబార్చే ఎపిడ్యూరల్‌లో నన్ను మించినవాడు ఖమ్మం దాకా లేడని నా నమ్మకం (అప్పటికి చేసినవి గట్టిగా ఇరవై ఉండవు).

ఒక వేసవి పొద్దున, బీడీలు చుట్టే తునికాకు కోస్తూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్న అవ్వను తెచ్చారు. సూది గుచ్చి, మందు ఎక్కించి, పడుకోబెట్టాను. ఆ అడవి ఊళ్లలో ఆకును యాభై చొప్పున కట్ట కడతారు. బల్ల మీద భయం మరిచిపోవడానికి అవ్వ అదే లెక్క మొదలుపెట్టింది. యాభై కాగానే మళ్లీ ఒకటి.

"అవ్వా, జర నోరు మూసుకో. పెద్ద సారు ఆపరేషన్ చెయ్యాలె" అన్నాను.

"లెక్క తప్పుతది బిడ్డా" అంది. ఇంకో పది లెక్కపెట్టి, గొంతు సన్నబడి, ఆగిపోయింది. నా మాటకు ఎంత విలువో అని మురిసిపోతూ సూదులు సర్దుకున్నాను.

మా అమ్మకంటే పెద్దదైన సిస్టరమ్మ అవ్వ మొహం చూసి, "ఊకున్నది కాదు సారూ, ఊపిరి తీస్తలేదు" అంది.

నా సూది ఒక పొర ఎక్కువ లోపలికి పోయింది, మందు మెడ దాటి పైకి పాకి ఊపిరి తీసే కండరాలను కూడా మొద్దుబార్చింది. ఇలా అరుదుగా జరుగుతుందని పుస్తకంలో ఉంది (నాకెందుకులే అని ఆ పేజీ తిప్పేశాను). పడిపోయిన బీపీ లేవడానికి మందు ఎక్కించి, గొంతులో గొట్టం దింపి, చేత్తో గాలిసంచి నొక్కుతూ గంటన్నర నిలబడ్డాను. అవ్వ పోతే చంపింది నేనే. "లే అవ్వా, నీ కాల్మొక్త" అని అందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. మందు దిగాక అవ్వ తనంతట ఊపిరి తీసింది. ఆపరేషన్ వాయిదా పడింది.

మర్నాడు వార్డుకు వెళ్లాను.

"మల్ల సూది నువ్వే ఏస్తవా?" అనడిగింది.

"లేదవ్వా, ఖమ్మం నుంచి వేరే సారు వస్తడు."

"మంచిది" అంది, కొంచెం జల్దీగానే. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఏడ్సుడంత ఇన్న బిడ్డా. ఏడ్వకు అందామంటే నాలిక తిరగలే."

మెలకువగానే ఉందన్నమాట. నిద్రమందు ఇవ్వాలన్న ధ్యాసే నాకు రాలేదు.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. కోటు నలగకుండా నడిచిన ఆ కుర్ర డాక్టరు గుర్తొస్తే నవ్వొస్తుంది. కదలలేక, కళ్లు తెరవలేక పడి ఉండి కూడా అవ్వ నన్నే ఓదార్చాలనుకుందని గుర్తొస్తే, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.