మామ నడుం మీద నా పాదవాసి

ఒక పెద్దమనిషి నడుం మీదికెక్కి నా పరువు నేనే తొక్కుకున్న సంగతి చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు మాత్రం అరవైల నాటి ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల పైకి లేవదు.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు మూడుసార్లు కాలితో తాకితే పట్టేసిన నడుం వదులుతుందని మా బోగోలు వైపు నమ్మకం. డాక్టర్లకు హస్తవాసి ఉన్నట్టు నాకు పాదవాసి అన్నమాట! ఇరవై ఏళ్లకే మా వాకిట్లో పొద్దున్నే జనం బారులు తీరేవారు. తన్నించుకుని, అరటిపళ్లు చేతిలో పెట్టి మరీ పోయేవారు. ఇక నా పొగరు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా మేనమామ కోటయ్య మాత్రం రాలేదు. ఆయనది వింత జబ్బు. నాలుగు గట్లు దాటేసరికి పిక్కలు లాగి, కాళ్లు తిమ్మిరెక్కి కూలబడేవాడు. కాసేపు ముందుకు వంగి కూర్చుంటే మళ్లీ మామూలే. సైకిలెక్కితే కావలి దాకా దర్జాగా పోయొచ్చేవాడు.

"నడిస్తే నొప్పి, సైకిల్ తొక్కితే లేదా? పని తప్పించుకునే జబ్బు మామా ఇది!" అన్నాను పదిమందిలో.

మామ మొహం చిన్నబోయింది. "అబద్ధాలాడే వయసా రా నాది? నారు ముదిరిపోతా ఉంది. నేను నడవలేకపోతే చేను బీడే గదా! నెల్లూరు డాక్టరుకు చూపించుకుంటా."

"ఆయనేమన్నా ఎదురుకాళ్లతో పుట్టినాడా? పడుకో, నిమిషంలో నిటారుగా నిలబెడతా."

పాపం, మామ బోర్లా పడుకున్నాడు. ఆచారం ప్రకారం మడమతో మెల్లగా తాకించాలంతే. కానీ చుట్టూ జనం చూస్తున్నారే! రెండు కాళ్లతో ఎక్కి అడుసు తొక్కినట్టు తొక్కాను.

"దిగరా నాయనా! కాళ్లు..."

"నొప్పి పోయేటప్పుడు అట్నే ఉంటది మామా!"

"పోతా ఉండేది నొప్పి కాదురా, కాళ్లు!"

దిగాను. మామ లేవలేదు. అత్త గుండెలు బాదుకుంది. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. నాకు చెలగాటం, మామకు వెన్నుసంకటం!

నెల్లూరులో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి చెప్పారు. "వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైంది. వంగితే కాస్త సందు దొరుకుతుంది. అందుకే సైకిల్ మీద హాయిగా ఉంటాడు. బోర్లా ఉన్నప్పుడు బరువు పడి నడుం వెనక్కి వంగితే నరాలు ఇంకా నొక్కుకుపోతాయి. ఈయన మీదికి ఎవరెక్కారు?"

ఇంటిల్లిపాదీ నావైపు చూశారు.

"కాపడం, మాత్రలు, మోకాళ్లు పొట్టకు ఆనించే కసరత్తు. వీటితో చూద్దాం. కాళ్లకు స్పర్శ రాకపోతే మాత్రం మద్రాసులో ఆపరేషనే" అన్నారాయన.

నేను మామ కాలు పట్టుకుని "తప్పయిపోయింది మామా" అన్నాను.

"ఏ కాలు పట్టుకున్నావో గూడా తెలవడంలేదురా" అన్నాడు మామ. వరండాలోకి పోయి వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ రోజు నుంచి కాపడం నేనే పెట్టాను, కసరత్తు నేనే చేయించాను. మామ చేలో నాట్లూ నేనే వేయించాను. రోజూ పొద్దున్నే కాళ్లు పట్టుకోవడం, తప్పయిందనడం. పదో రోజు అలాగే పట్టుకున్నానో లేదో, "వదలరా, చక్కిలిగింతలు!" అంటూ మామ కాలు విదిలించాడు. అది నేరుగా వచ్చి నా దవడకు తగిలింది. ఆ కాల్లో బలం ఎంత తిరిగొచ్చిందో డాక్టరుకంటే ముందు నా రెండు పళ్లకు తెలిసింది.

ఊడిన ఆ రెండు పళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెవరి నడుం మీదా కాలు పెట్టను. దారిలో మనిషి పడుకుని ఉంటే దాటను కూడా దాటను, చుట్టూ తిరిగే పోతాను.