కురెమోతో నిలబడి తినే చోటు

నగరపాలక కార్యాలయంలో ఇళ్ల వీధుల ప్రశాంతత చూసే ఉద్యోగం కురెమోతో అనే ఆయనది. యాభై నాలుగేళ్ల మనిషి. జేబులో ఎప్పుడూ కొలిచే టేపు, పేరు చెక్కిన చిన్న ముద్ర ఉంటాయి. ఎవరు ఫిర్యాదు చేసినా మెడ వంచి వింటాడు, వారం తిరక్కుండా ఆ ఇబ్బంది లేకుండా చేస్తాడు. ఊయల కిర్రుమంటోందంటే ఊయల విప్పించాడు. జనం కబుర్లతో నిద్ర పట్టడం లేదని కాగితం వస్తే, మూడో వీధి పార్కులో బెంచీ పీకించాడు. ఇప్పుడక్కడ పిచ్చుకల గొంతు తప్ప మరేమీ వినపడదు. మధ్యాహ్నం తన అన్నం ముద్ద అక్కడే తింటాడు, బెంచీ కాళ్లు పోయిన నాలుగు గుంటల పక్కన నిలబడి. ఇంట్లోనూ పలకరించే మనిషి లేడు.

ఒకరోజు పార్కు ఎదురింటి హనెదా మామ్మ చీపురుతో వచ్చింది.

“ఆ కాగితం పెట్టింది నేనేనని మీకొక్కరికే తెలుసు బాబూ. మా ఆయన పోయిన కొత్తల్లో, బెంచీ మీద వాళ్ల నవ్వులు వింటే ఒళ్లు మండేది.”

“ఇప్పుడు హాయిగా ఉందా మామ్మగారూ?”

“గోడ గడియారం చప్పుడు కూడా వినపడుతోంది. ఆ బెంచీ మళ్లీ వేయించకూడదూ?”

“ఫిర్యాదు ఉంటేనే పని కదులుతుందండీ. రాసివ్వండి.”

“తీయించిందీ నేనే, వేయించమనేదీ నేనేనా? ఏ మొహం పెట్టుకుని రాయను?”

మామ్మ ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. కురెమోతో చేతులు తుడుచుకుని ఫిర్యాదు కాగితం తీశాడు. ‘కూర్చోవడానికి చోటు లేదు’ అని రాసి, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి తన పేరే పెట్టి ముద్ర వేశాడు. ఎంతమందికి ఇబ్బంది అన్నచోట మామ్మ వైపు ఒకసారి చూసి, ‘ఇద్దరికి’ అని రాశాడు.