కిటికీలు మూయని బస్సు

మా మేనమామ పోయాడు. మొన్న పొద్దున చాయ్ తాగి, చెప్పులు తొడుక్కోబోతూ గడపలోనే కూలబడ్డాడట. సిరిసిల్ల నుంచి అత్తమ్మ ఫోన్ చేసేటప్పటికి నేను జగిత్యాలలో మా ఇంట్లో మిషన్ మీద జాకెట్ కుడుతున్నాను. "మీ మామ పోయిండు బిడ్డా" అని ఒక్క మాట అని పెట్టేసింది. పక్కింట్లో టీవీ మోగుతోంది. ఎక్కడో మళ్ళీ ఏదో కొత్త జ్వరమట, పరిస్థితి అదుపులోనే ఉందట. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. ఆ మాట చెవిన పడితే మామ ఊరుకునేవాడు కాదు. "అదుపుల ఉన్నదట! ఎవని అదుపుల?" అని టీవీ మీదికి పోయేవాడు.

మామ సిరిసిల్ల నుంచి పక్క రాష్ట్రంలోని భీవండికి ప్రైవేటు బస్సు తోలేవాడు. తాత తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. మామకు మాత్రం చెట్టెక్కితే కళ్ళు తిరిగేవి, అందుకే స్టీరింగు పట్టాడు. సిరిసిల్లలో సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోయిన రోజులవి. మగ్గం మీద బతికినవాళ్ళంతా భీవండి మగ్గాల షెడ్లకు వలసపోతుంటే వాళ్ళను దించి వచ్చేదీ, ఒళ్ళు చెడి తిరిగొస్తే తీసుకొచ్చేదీ మామ బస్సే. కొండగట్టు మలుపు వచ్చిందంటే ఒక చేత్తో దండం పెట్టి, "స్వామీ, రోడ్డు నువ్వు సూసుకో, ఓనర్ను నేను సూసుకుంట" అనేవాడు. బస్సంతా నవ్వేది.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడు మేమూ భీవండిలోనే ఉన్నాం. మా ఆయనకు ఒక షెడ్డులో పని. ఆ వైపు ఊళ్ళలో జ్వరంతో మనుషులు పోతున్నారని తెలిసి, ఆయనే నన్ను ఊరికి పొమ్మని మామ బస్సెక్కించాడు. నా పక్క సీట్లో కోనరావుపేట దిక్కు పిల్ల కూర్చుంది. కడుపుతో ఉంది. పెనిమిటికి సేటు సెలవివ్వలేదని ఒక్కతే బయలుదేరింది. ఎక్కేటప్పుడే ఒళ్ళు కాలిపోతోంది. కాసేపటికి వణుకు మొదలైంది.

మామ బస్సాపి వచ్చి చూశాడు. తన దుప్పటి తెచ్చి కప్పాడు. ఆ పిల్లను ముందు సీట్లో, ఇంజను వేడి తగిలేచోట కూర్చోబెట్టాడు. "సలిగాలి తాకద్దు, అన్ని కిటికీలు ముయ్యుండ్రి" అని బస్సంతా వినేటట్టు అరిచాడు. మేమంతా మూశాం. మంచి పనే చేస్తున్నామనుకున్నాం. వణికే మనిషికి మన ఇళ్ళల్లో అంతే కదా చేస్తాం!

కోరుట్ల దాటేసరికి పిల్లకు ఊపిరి ఆడటం లేదు. మామ ఎవరినీ అడగలేదు. దారిలో ఉన్న ఒక పెద్ద సర్కారు దవాఖాన గేటులోకి బస్సును తిప్పేశాడు. డాక్టరు వచ్చి, ఏ దేశం నుంచి వచ్చిందని అడిగాడు.

"దేశం కాదు సార్, భీవండి."

"విదేశాల నుంచి వచ్చినోళ్ళకూ వాళ్ళను తాకినోళ్ళకే పరీక్ష చేయమని పైనుంచి ఆర్డర్. ఆ జ్వరం గోళీలు కూడా ఇక్కడ లేవు. పట్నం తీసుకపోవాలె."

"పైనంటే ఏడ?"

"ఢిల్లీ."

"ఆ ఢిల్లీకి భీవండి బస్సు కనవడదా సార్?" అని మామ గట్టిగా అరిచాడు. పోలీసును పిలుస్తామన్నారు. పిలవండి, బస్సు మాత్రం తియ్యను అన్నాడు. చివరికి అంబులెన్సు వచ్చింది. ఆ పిల్ల నా చెయ్యి వదలలేదు. "అక్కా, ఆయనకు జెప్పకుండ్రి, పరేషానైతడు" అంది. పట్నంలో పరీక్ష చేశారు. అదే జ్వరమని తేలేసరికి ఆమె లేదు. కడుపులో బిడ్డా లేదు.

పెనిమిటి భీవండి నుంచి తర్వాతి ట్రిప్పులో వచ్చాడు. తోలింది మామే. భార్యకు బాగా లేదు రమ్మని మాత్రమే కబురు పోయింది. "నా భార్య నీ బస్సులనే వచ్చింది గదనే అన్నా, ఎట్లుండె?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడట. "ముంగట సీట్ల కూసోవెట్టిన తమ్మీ" అని మాత్రం చెప్పాడట మామ. ఎన్నిసార్లడిగినా అదే జవాబు. ఇది నాకు చెప్పేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు.

ఆ రోజు బస్సులో వచ్చిన చాలామంది మంచం పట్టారు. మామ ఇంట్లో దిగిన నాకూ జ్వరం వచ్చింది. చూడటానికి వచ్చిన దవాఖాన నర్సు, గాలి ఆడాలి, తలుపులూ కిటికీలూ తెరవండని అత్తమ్మకు చెప్తుంటే గుమ్మంలో నిలబడ్డ మామ విన్నాడు. లోపలికి వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"కోడలా, కిటికీలు మూయించింది నేనే గదా."

"నీకెవరు చెప్పిండ్రు మామా, మూయద్దని?"

"గదే అడుగుతున్న. ఇమానం దిగినోని పెయ్యి కాలుతున్నదా అని సూసెటందుకు మిషన్లు పెట్టిండ్రు. బస్సుల పోయెటోనికి గీ ఒక్క ముచ్చట చెప్పెటందుకు మనిషి దొరకలేదా?"

దొరకలేదు. నేనూ ఇన్నేళ్ళుగా అదే అడుగుతున్నాను. జ్వరం విమానమెక్కే వస్తుందని ఏ పెద్దమనిషి అనుకున్నాడు? సూట్‌కేసున్నవాడి నుదురు చూశారు, మూటలున్నవాడిని మనిషిగానే లెక్క కట్టలేదు. కాపాడాల్సిన దేశంలో భీవండి బస్సు లేదు. ఇంకా కోపముంది నాకు. చావింట్లో కోపమేందే అని అత్తమ్మ కసిరింది. మరెక్కడ కోపపడను?

అప్పటి నుంచి మామ బస్సులో కిటికీ మూయనిచ్చేవాడు కాదు. చలికాలంలో జనం తిట్టిపోసేవారు. "తిట్టుండ్రి. తిట్టాల్నన్నా పానముండాలె గదా" అనేవాడు. కరోనా వచ్చి బస్సులన్నీ ఆపేసి, భీవండి నుంచి మనవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచొస్తుంటే టీవీలో చూసి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "గీసారి గూడ మనం యాదికి రాలే" అన్నాడు.

మొన్న ఆయనను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నాం. పాడె కడుతున్నారు. భీవండి నుంచి వచ్చిన బస్సు మామ గల్లీ మొదట్లో ఆగింది. మామ దగ్గర పని నేర్చుకున్న డ్రైవరే దిగి వచ్చి కాళ్ళకు దండం పెట్టి, మళ్ళీ బస్సు దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఎముకలు కొరికే చలి. బస్సులో ఆడవాళ్ళు కొంగులు నెత్తి మీదికి లాక్కుని ముడుచుకుని కూర్చున్నారు. "ఎంత చెప్పినా మూయనియ్యడమ్మా, ఏం పిచ్చో!" అని ఒకామె నాతో డ్రైవరు మీద చాడీ చెప్పింది. ఒడిలో చంటిపిల్ల నిద్రపోతోంది.

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఒక్క కిటికీ కూడా మూసి లేదు.